స్టోర్ కాదన్న యాప్‌ని సొంత వెబ్‌సైట్‌లో పెట్టి అమ్మొచ్చా? బెంగళూరులో ఉన్న మనవాళ్లు చెప్పండి

హాస్టల్‌లెక్కలు, మారతహళ్లి (సోమవారం రాత్రి 11:20)

అందరికీ నమస్కారం. నాలుగు రోజులుగా ఎటూ తేల్చుకోలేక ఇక్కడ రాస్తున్నాను.

పగలు ఉద్యోగం, రాత్రిళ్లు సొంత పని. రెండేళ్లు కూర్చుని పీజీ హాస్టళ్ల కోసం ఒక ఆండ్రాయిడ్ యాప్ రాశాను. మారతహళ్లి, బీటీఎం, మడివాళ వైపు పీజీలు నడిపేవాళ్లలో మనవాళ్లు ఎంతమందో మీకు తెలుసు. 80 బెడ్లున్న పీజీ అనుకోండి. ఒకటో తారీఖు నుంచి ఐదు దాకా అద్దెలన్నీ యూపీఐలో పడతాయి. ఓనరు రాత్రి అందరి భోజనాలూ అయ్యాక పొడవాటి నోటుపుస్తకం ముందేసుకుని, ఫోన్‌లో బ్యాంకు మెసేజీలు ఒక్కొక్కటే చూస్తూ టిక్కులు పెట్టుకుంటాడు. చాలా మెసేజీల్లో కుర్రాడి పేరుండదు, వాళ్ల నాన్న యూపీఐ ఐడీ ఉంటుంది. ఇది 302లో మూడో బెడ్డా, 203లో మూడో బెడ్డా అని తల పట్టుకుంటాడు. నా యాప్ ఆ మెసేజ్ చదివి, ఏ ఐడీ ఎవరిదో గుర్తుపెట్టుకుని, ఆ బెడ్డుకి జమ వేసేస్తుంది. లెక్కంతా ఓనరు ఫోన్‌లోనే ఉంటుంది. నా దగ్గరికి ఏదీ రాదు.

ఒక యాప్ స్టోర్‌కి మూడుసార్లు పంపాను. మూడుసార్లూ తిరిగొచ్చింది. మెసేజీలు చదివే అనుమతి మీ యాప్ అసలు పనికి అవసరమని తేలలేదు అన్నది సారాంశం. యాప్ ఎలా పనిచేస్తుందో వీడియో తీసి పంపాను. రెండోసారీ మూడోసారీ అక్షరం తేడా లేని జవాబు. మనిషి చూశాడో లేదో కూడా తెలియలేదు. స్టోర్ పేరు రాయను, నా గొడవ ఒక కంపెనీతో కాదు.

ఇప్పటికే 11 మంది ఓనర్ల ఫోన్లలో నేనే స్వయంగా ఎక్కించాను. ఏడాదికి 1,500 రూపాయలు ఇస్తున్నారు. ఇక స్టోర్ జోలికి పోకుండా సొంత వెబ్‌సైట్ పెట్టి, ఏపీకే ఫైల్ (స్టోర్ లేకుండా నేరుగా ఫోన్‌లో యాప్ ఎక్కించే ఫైల్) అక్కడే ఉంచి, యూపీఐలో డబ్బులు తీసుకుందామని అనుకుంటున్నాను. నా రూమ్మేట్ అది తప్పు పని అంటున్నాడు. తప్పేనా?

కోరమంగళ ఇండీ (సోమవారం రాత్రి 11:48)

ఒక్క శాతం కూడా తప్పు కాదండీ. సాఫ్ట్‌వేర్ పుట్టిన దగ్గర నుంచి అమ్ముతున్నది అలాగే. యాపిల్ యాప్ స్టోర్ తెరిచింది 2008 జూలైలో, 500 యాప్‌లతో. అంతకు ముందు రాసినవాళ్లు నేరుగానే అమ్ముకున్నారు. కంప్యూటర్ సామాను అమ్మే మన ఎస్పీ రోడ్డులో సీడీలు కొనుక్కోలేదా?

స్టోర్ వదిలేసి బతికినవాళ్లు చాలామంది ఉన్నారు. యాపిల్ మ్యాక్ కంప్యూటర్ల యాప్ స్టోర్‌లో ఉండాలంటే యాప్‌కి శాండ్‌బాక్స్ తప్పనిసరి అని 2012 జూన్ నుంచి నిబంధన పెట్టారు. అంటే యాప్ తన గది దాటి బయట ఫైళ్లు ముట్టుకోకూడదు. బీబీఎడిట్ అనే పాత టెక్స్ట్ ఎడిటర్ 2014లో స్టోర్ నుంచి వెళ్లిపోయింది. సొంతంగా అమ్ముకుంటూనే ఉంది. శాండ్‌బాక్స్ పరిస్థితి మెరుగయ్యాక 2019లో తిరిగొచ్చింది. డిజైనర్లు వాడే స్కెచ్ 2015 డిసెంబరులో బయటికొచ్చేసింది. రెండూ మునిగిపోలేదు.

రెండేళ్ల మీ రాత్రుల విలువ ఎంతో ఒక ఫారం చదివేవాడు తేల్చకూడదు. పెట్టండి వెబ్‌సైట్. కావాలంటే డౌన్‌లోడ్ పేజీ నేను చేసిస్తాను.

ఒంగోలు టు వైట్‌ఫీల్డ్ (మంగళవారం ఉదయం 7:15)

నేను వద్దంటాను. ఎందుకో చెప్తాను, కాస్త ఓపిగ్గా చదవండి.

మా నాన్న రిటైర్డ్ టీచరు, ఒంగోలులో ఉంటారు. పోయినేడాది ఆయనకి వాట్సాప్‌లో ట్రాఫిక్ చలానా పేరుతో ఒక ఏపీకే వచ్చింది. తెలియని నంబర్ నుంచి కాదు, ఆయనతో పనిచేసిన మాస్టారి నంబర్ నుంచే. అప్పటికే ఆ మాస్టారి ఫోన్ దొంగల చేతిలో ఉందని మాకు తర్వాత తెలిసింది. నాన్న నొక్కారు. ఫోన్ హెచ్చరించింది. అయినా అనుమతించు అని నొక్కారు. ఆ యాప్ అడిగిందల్లా ఒక్కటే, మెసేజీలు చదివే అనుమతి. ఓటీపీలన్నీ అటు వెళ్లాయి. తెల్లారేసరికి 1,80,000 పోయాయి. సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేస్తే కొంత డబ్బు ఆపగలిగారు. మిగతాది రాలేదు. ఆయనిప్పుడు ఫోన్ మోగితే ఉలిక్కిపడుతున్నారు. డబ్బు కన్నా నాకు అదే ఎక్కువ బాధ.

మీ యాప్ మంచిదే కావచ్చు. కానీ మీరు అడుగుతున్నది ఆ దొంగ అడిగిన అనుమతే. మీరు చూపిస్తున్నదీ అదే దారి: లింకు నొక్కండి, తెలియని యాప్‌లను అనుమతించండి, మెసేజీలకి సరే అనండి. మీ 11 మందికి ఈ మూడూ అలవాటైతే పన్నెండోసారి వచ్చే ఏపీకే మీది కాకపోవచ్చు. పీజీ ఓనరు ఫోన్‌లో ఎంత డబ్బు తిరుగుతుందో మీకే బాగా తెలుసు.

హాస్టల్‌లెక్కలు (మంగళవారం మధ్యాహ్నం 1:30)

మీ నాన్నగారి సంగతి చదివి ఆఫీసులో కాసేపు ఏం పని చేయలేకపోయానండీ. మా అమ్మా కావలిలో ఒక్కతే ఉంటుంది.

కానీ ఒక్క మాట. స్టోర్‌లో ఉన్నంత మాత్రాన భద్రమని కూడా అనలేం కదా. 2022 సెప్టెంబరు నుంచి 2023 ఆగస్టు మధ్యలో ప్లే స్టోర్ నుంచి 2,200కి పైగా మోసపు లోన్ యాప్‌లు తీసేశారని కేంద్ర ప్రభుత్వమే పార్లమెంటులో చెప్పింది. తీసేశారంటే అంతవరకూ లోపల ఉన్నట్టే. ఆ యాప్‌ల వాళ్లు మన రెండు రాష్ట్రాల్లో ఎన్ని ఇళ్లని ఏడిపించారో అందరికీ గుర్తుంది. వాళ్లకి తలుపు తెరుచుకుంది, నాకు మూడుసార్లు మూసుకుంది. నా బాధ అది.

డాస్‌కాలం, జయనగర్ (మంగళవారం రాత్రి 9:05)

1990ల నుంచి ఈ పనిలో ఉన్నాను. ఇద్దరి బాధా సరైనదే. నేను తప్పొప్పుల జోలికి వెళ్లను. సొంత సైట్ పెట్టాక ఏం జరుగుతుందో మాత్రం చెప్తాను.

మెసేజీలు, కాల్ లాగ్ చదివే యాప్‌ల మీద ప్లే స్టోర్ 2018 అక్టోబరులో కఠిన నిబంధనలు ప్రకటించింది. ఇది అందరికీ తెలిసిందే. మీరు చూడాల్సింది ఆ తర్వాతది. 2024 అక్టోబరులో గూగుల్ ఇండియాలో ఇంకో రక్షణ తెస్తున్నట్టు ప్రకటించింది. బ్రౌజర్ నుంచి గానీ, వాట్సాప్ లాంటి వాటి నుంచి గానీ దించుకున్న ఏపీకే మెసేజీలు, నోటిఫికేషన్లు, యాక్సెసిబిలిటీ లాంటి అనుమతులు అడిగేదైతే, ఫోన్‌లో గూగుల్ పెట్టిన కాపలా, ప్లే ప్రొటెక్ట్, దాన్ని ఇన్‌స్టాల్ కాకుండా ఆపేస్తుంది. ఆపుతుందండీ, హెచ్చరించి వదిలేయడం కాదు. ఒంగోలు నాన్నగారి లాంటివాళ్ల కోసమే అది. మీ పేజీకి వచ్చిన ఓనరు ఫోన్‌లో జరిగేదీ అదే. అప్పుడు ఆయన మీకు ఫోన్ చేస్తాడు. ప్లే ప్రొటెక్ట్ ఆపేయండి సార్ అని చెప్పాలనిపిస్తుంది. ఆ మాట మాత్రం ఎప్పుడూ అనకండి, సైట్‌లో అసలు రాయకండి. దొంగలు ఫోన్‌లో చెప్పేది కూడా ఆ మాటే.

ఇక చట్టం. ఆండ్రాయిడ్ కేసులో కాంపిటీషన్ కమిషన్ (మార్కెట్లో పోటీ సరిగ్గా జరుగుతోందా అని చూసే కేంద్ర సంస్థ) 2022 అక్టోబరులో గూగుల్‌కి 1,337.76 కోట్ల జరిమానా వేసి, స్టోర్ బయట నుంచి యాప్‌లు ఎక్కించుకోవడానికి అడ్డుపడొద్దని కూడా ఆదేశించింది. 2023 మార్చిలో అప్పిలేట్ ట్రిబ్యునల్ జరిమానా అలాగే ఉంచి, ఆ ఆదేశాన్ని మాత్రం మరికొన్నిటితో కలిపి కొట్టేసింది. కాబట్టి ఆ తీర్పు మీకు కొమ్ముకాస్తుందని అనుకోవద్దు.

మరొకటి. బయట నుంచి ఇచ్చే యాప్‌లకి కూడా డెవలపర్ ఎవరో ధ్రువీకరణ ఉండాలని గూగుల్ 2025 ఆగస్టులో చెప్పింది. ముందు బ్రెజిల్, ఇండోనేషియా, సింగపూర్, థాయ్‌లాండ్‌లో, తర్వాత మిగతా దేశాల్లో. బయటి తలుపు దగ్గర కూడా పేరు రాయించుకోవాల్సిన రోజులు వస్తున్నాయి. నన్నడిగితే అందులో సగం మంచే ఉంది. సంతకం లేని సరుకు అమ్మడం నాకెప్పుడూ నచ్చలేదు.

సంతకం అంటే గుర్తొచ్చింది. మీ ఏపీకేని సైన్ చేసే కీ, అంటే యాప్ మీదేనని ఫోన్ గుర్తుపట్టే రహస్య ఫైల్, ఎక్కడ దాచారు? లాప్‌టాప్‌లో ఒక్కచోటే ఉంటే ఈ రాత్రే రెండు పెన్‌డ్రైవ్‌ల్లోకి తీసి, ఒకటి ఊళ్లో పెట్టండి. సొంతంగా పంచే యాప్‌కి ఆ కీ పోతే అప్‌డేట్ ఇవ్వలేరు. పాతది తీసేసి కొత్తది వేసుకోమని అందరికీ చెప్పాలి. తీసేస్తే ఫోన్‌లో ఉన్న అద్దె లెక్క కూడా పోతుంది. లెక్క మీ దగ్గరికి ఏదీ రాదన్నారు కాబట్టి చెప్తున్నాను.

హాస్టల్‌లెక్కలు (మంగళవారం రాత్రి 9:20)

సార్, ఒక్కచోటే ఉంది. ఇప్పుడే తీస్తున్నాను.

బీటీఎం పీజీ (బుధవారం ఉదయం 10:40)

నేను డెవలపర్‌ని కాను. మా బావమరిది ఈ చర్చ పంపిస్తే చదివాను. బీటీఎంలో 64 బెడ్లు. మాది చిత్తూరు దగ్గర.

మాకు స్టోరూ వెబ్‌సైటూ తేడా తెలియదు. మనిషి తెలుసు. వంటవాడినైనా, నీళ్ల ట్యాంకరు అతన్నైనా మనిషిని చూసే పెట్టుకుంటాం. యాప్ కూడా అంతే. నేను అడిగేవి వేరే. నా ఫోన్ పోతే నా లెక్క ఏమవుతుంది? మీరు రేపు అమెరికా వెళ్లిపోతే నేనెవరికి ఫోన్ చెయ్యాలి? నా నోటుపుస్తకం పదేళ్లయినా బీరువాలో ఉంటుంది. ఇంకోటి, నా మెసేజీలన్నీ చదివే యాప్ అంటే అద్దెలే కాదు, నా చిట్టీలు, నా లోను, ఇంటి ఖర్చులు అన్నీ చదువుతుంది. మీరు చూడరని మీ మాట మీద నమ్మాలి. నమ్ముతాను, ఎందుకంటే వచ్చి కూర్చుంటారు కాబట్టి. వెబ్‌సైట్ చూసి నమ్మను.

2025 జూలైలో యూపీఐ లెక్కలు చూసి చిన్న వ్యాపారులకి పన్ను నోటీసులు వచ్చాయని ఊరంతా గోల. కొన్ని షాపులవాళ్లు క్యూఆర్ కోడ్లు తీసేశారు కూడా. అప్పటి నుంచి ఫోన్‌లో లెక్క అంటేనే భయపడేవాళ్లు మా వాళ్లలో ఉన్నారు. నేను దాచేదేమీ లేదు, కానీ లెక్క ఎవరి చేతిలో ఉందో నాకు తెలియాలి.

ఆడిటర్ తమ్ముడు (బుధవారం మధ్యాహ్నం 2:10)

డబ్బు సంగతి క్లుప్తంగా. సేవలకి ఏడాది టర్నోవర్ 20 లక్షలు దాటేదాకా జీఎస్టీ రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు, ఆంధ్రాలోనో తెలంగాణలోనో అమ్మినా సరే. మీ జీతం ఆ టర్నోవర్‌లోకి రాదు. దాటితే 18 శాతం. ఏడాదికి 1,500 అంటే యూపీఐ ఆటోపే (గడువుకి డబ్బు దానంతటదే కట్టేది) పెట్టొచ్చు, 15,000 లోపు కాబట్టి ప్రతిసారీ యూపీఐ పిన్ అక్కర్లేదు. మీ ఆఫీసు అగ్రిమెంటులో బయటి సంపాదన గురించి ఏముందో మాత్రం చూసుకోండి. అది అందరూ మర్చిపోతారు.

స్టోర్ వాటా చిన్న డెవలపర్లకి 15 శాతం, 1,500 మీద 225. ఆన్‌లైన్‌లో డబ్బు వసూలు చేసిపెట్టే మామూలు గేట్‌వేకి 2 శాతం, అంటే 30 రూపాయలు, దాని మీద జీఎస్టీ. ఒక్కో కస్టమరు మీద తేడా 190 దాకా. మీరు బీటీఎం దాకా ఒకసారి ఆటోలో వెళ్లొస్తే ఆ 190 చాలదు. కాబట్టి వాటా మిగులుతుందని మాత్రం స్టోర్ వదలకండి.

కోరమంగళ ఇండీ (బుధవారం రాత్రి 10:30)

ఇక్కడ అందరూ 190 రూపాయలు, పెన్‌డ్రైవ్‌లు అంటూ అసలు సంగతి వదిలేస్తున్నారు. సంగతి అధికారానిది. 2024 మార్చి ఒకటిన ఏం జరిగింది? యాప్‌లో కట్టే డబ్బుల మీద గూగుల్ తీసుకునే వాటా గురించిన బిల్లింగ్ గొడవలో ప్లే స్టోర్ నుంచి పది కంపెనీల యాప్‌లు తీసేశారు. అందులో చెన్నై వాళ్ల భారత్ మ్యాట్రిమోనీ కూడా ఉంది. మద్రాసు హైకోర్టు దాకా వెళ్లి పోరాడిన పెద్ద కంపెనీ అది. కేంద్ర మంత్రి కలగజేసుకున్నాక కొద్ది రోజుల్లో తిరిగి పెట్టారు. మారతహళ్లిలో రాత్రి పదకొండింటికి కోడ్ రాసుకునే మనిషి కోసం ఏ మంత్రి మాట్లాడతాడు? బిల్లింగ్ కేసులో కమిషన్ గూగుల్‌కి వేసిన 936.44 కోట్ల జరిమానా కూడా 2025 మార్చిలో అప్పీల్లో 216.69 కోట్లకి తగ్గింది. కోర్టులు తేల్చేలోపు మన యాప్ ముసలిదైపోతుంది.

ఒంగోలు గారూ, మీ నాన్నగారికి జరిగింది ఘోరం. కాదనను. కానీ దొంగల భయంతో అందరం ఒకే కోటలోకి వెళ్లిపోతే, రేపు కోటవాడు ఏ షరతు పెట్టినా తలూపడమేనా?

ఒంగోలు టు వైట్‌ఫీల్డ్ (బుధవారం రాత్రి 11:10)

కోటవాడి షరతులు నాకూ నచ్చవండీ. నేనూ డెవలపర్‌నే. నా యాప్ కూడా రెండుసార్లు తిరిగొచ్చింది. కానీ మీ పోరాటానికి మూల్యం మీరు కట్టడం లేదు. కడుతున్నది మా నాన్న లాంటివాళ్లు. ఒక్కసారి హాస్టల్‌లెక్కలు గారి ఓనర్ల వైపు నుంచి చూడండి. ఆ చిత్తూరు ఆయన రాసింది చదివారా? మెసేజీలన్నీ చదువుతుంది కదా అన్నారు. ఇక్కడ ఒక్క డెవలపర్ కూడా ఆ మాట అడగలేదు, నాతో సహా. స్టోర్ వాడు జవాబు మర్యాదగా చెప్పకపోవచ్చు. అడిగిన ప్రశ్న మాత్రం ఆయన అడిగిందే.

హాస్టల్‌లెక్కలు గారూ, ఆ అనుమతి లేకుండా పని జరగదా? ఓనరు ఆ మెసేజ్‌ని షేర్ నొక్కి మీ యాప్‌కి పంపితే చాలదా? దానికి ఏ అనుమతీ అక్కర్లేదు. లేదంటే బ్యాంకు స్టేట్‌మెంట్ ఫైల్ తీసుకోండి. మెసేజ్‌లో ఉన్న యూపీఐ ఐడీ చాలావరకు అందులోనూ ఉంటుంది.

కోరమంగళ ఇండీ (బుధవారం రాత్రి 11:25)

దానంతటదే జమ వేసుకోవడమే ఆ యాప్ గొప్ప. అది తీసేస్తే మిగిలేది ఇంకో నోటుపుస్తకం.

హాస్టల్‌లెక్కలు (ఆదివారం రాత్రి 10:15)

నాలుగు రోజులు మాట్లాడలేదు, క్షమించండి. వాదించే బదులు చేసి చూద్దామనుకున్నాను.

మొదట షేర్ పద్ధతి. శనివారం మడివాళలో ఒక ఓనరు దగ్గర కూర్చుని పెట్టించాను. మెసేజ్ పట్టుకోవడం, షేర్, యాప్ ఎంచుకోవడం. ఒక్కోదానికి మూడు నొక్కులు. 20 మెసేజీలు దాటేసరికి ఆయన ఫోన్ పక్కన పెట్టి నోటుపుస్తకం తీశారు. అది కుదరదు.

స్టేట్‌మెంట్ పద్ధతి కుదిరింది. ఐదో తారీఖు రాత్రి బ్యాంకు యాప్ నుంచి ఫైల్ దించి నా యాప్‌కి ఇస్తే, పాత నెలది పెట్టి చూశాం, 71 అద్దెల్లో 66 దానంతటవే సరిపోయాయి. మిగతా ఐదూ కొత్తగా చేరిన కుర్రాళ్లవి, ఒక్కసారి చేత్తో చెప్తే చాలు. కానీ ఒక్కో బ్యాంకు ఫైల్ ఒక్కో తీరు. మూడు బ్యాంకులవి రాశాను. ఇంకో ఆరేడు రాయాలి. పైగా ఒకటో తారీఖు రాత్రే ఎవరు కట్టారో తెలియదు, ఐదు దాకా ఆగాలి. కొందరు ఓనర్లు దీనికి ఒప్పుకోరు, నాకు తెలుసు.

ఆ మడివాళ ఆయన ఇంకో మాట అన్నారు. "ఈ పద్ధతిలో నా చిట్టీల మెసేజీ నీ యాప్ చూడదు కదా?" అని. స్టేట్‌మెంట్‌లో చిట్టీ డబ్బు కూడా కనిపిస్తుంది సార్ అని నిజం చెప్పాను. అయితే అద్దెలకి వేరే ఖాతా తెరుస్తానన్నారు. రెండేళ్లలో నాకా ఆలోచనే రాలేదు.

కాబట్టి మెసేజీలు చదవని యాప్‌ని స్టోర్‌కి మళ్లీ పంపుతాను. ఒప్పుకుంటే సంతోషం. ఒప్పుకోకపోతే దాన్ని నా సైట్‌లో పెడతాను, మన ఫోన్‌పే వాళ్ల ఇండస్ యాప్‌స్టోర్‌కి కూడా పంపుతాను. ప్రమాదకరమైన అనుమతులేవీ అడగదు కాబట్టి, బయట పెట్టినా నేను ఎవరికీ తప్పుడు అలవాటు నేర్పడం లేదనే ధైర్యం ఉంటుంది. స్టోర్ కాదంటే నా పని ఆగిపోవాలని మాత్రం ఇప్పటికీ ఒప్పుకోను. మెసేజీలు చదివే పాత యాప్‌ని ఆ 11 మందికీ కొనసాగిస్తాను. అప్‌డేట్ ఉంటే నేనే వెళ్లి, లాప్‌టాప్‌కి కేబుల్ పెట్టి ఎక్కిస్తాను. దాని లింకు మాత్రం వెబ్‌లో గానీ వాట్సాప్‌లో గానీ పెట్టను. ఎవరైనా నా పేరుతో లింకు పంపితే అది నాది కాదని నేరుగా చెప్పేశాను.

బీటీఎం సార్, ఫోన్ పోతే ఏమవుతుందన్న దానికి జవాబు: ప్రతి నెలా లెక్కంతా ఎక్సెల్ ఫైల్‌గా మీ ఈమెయిల్‌కి మీరే పంపుకునే బటన్ పెట్టాను. నేను ఎక్కడికి పోయినా ఆ ఫైల్ తెరుచుకుంటుంది.

కోరమంగళ ఇండీ (ఆదివారం రాత్రి 10:50)

మీ యాప్, మీ నిర్ణయం. నేను మాత్రం ఒప్పుకోను. కేబుల్ పట్టుకుని తిరిగితే మీ మంచి యాప్ మారతహళ్లి దాటదు. హైదరాబాద్ అమీర్‌పేటలో ఎన్ని పీజీలున్నాయి, వాళ్లకి ఐదో తారీఖు దాకా ఆగే ఖర్మ ఎందుకు? అయినా డౌన్‌లోడ్ పేజీ చేసిస్తానన్న మాట మీద ఉన్నాను. ఆ అనుమతి అడగని యాప్‌కైనా సరే.

ఒంగోలు టు వైట్‌ఫీల్డ్ (ఆదివారం రాత్రి 11:05)

ఆ పేజీలో ఒక లైను పెట్టండి: ఈ యాప్ మీ మెసేజీలు ఎప్పుడూ అడగదు, అడిగితే అది మా యాప్ కాదు. పెద్ద అక్షరాల్లో, తెలుగులోనూ కన్నడలోనూ. కన్నడ మా కొలీగ్‌తో రాయించి పంపుతాను.

బీటీఎం పీజీ (సోమవారం ఉదయం 6:30)

ఎక్సెల్ బటన్ ఉందంటున్నారు కాబట్టి చూస్తాను. ఒకటో తారీఖు లోపల రండి, సాయంత్రం ఆరు దాటాక. నాది మీరు రాసిన మూడు బ్యాంకుల్లో ఉందో లేదో ముందే కనుక్కుని రండి.